కాళ్ళకు నీళ్ళు

పోయిన నెలలో కుప్పంలో ఉన్న మా అబ్బాయి ఇంటికి పోయినప్పుడు, మెట్లెక్కి తలుపు ముందు నిలబడి ఆయాసం తీర్చుకుంటూ ఉండగా, ఇంట్లో మనుషులకంటే ముందు ఒక కాగితం నన్ను పలకరించింది. చెప్పులు, బూట్లు దయచేసి బయటే విడిచి లోపలికి రండి అని మా కోడలు గుండ్రటి అక్షరాలతో రాసి, తడిసిపోకుండా పైన ప్లాస్టిక్ అతికించి, సరిగ్గా మనిషి కంటి ఎత్తున తలుపుకు అంటించింది. అక్షరం కనబడితే చదవకుండా దాటిపోవడం నాకు చేతకాదు. బొరుగులు కట్టి ఇచ్చిన కాగితాన్నయినా విప్పి, ముందూ వెనకా చదివిన తరువాతనే పారేస్తాను. కాబట్టి దీన్ని కూడా రెండుసార్లు చదివి, తప్పులేమీ లేవని సంతోషించి, చెప్పులు విడిచి లోపలికి పోయాను.

లోపల ఆ కాగితం గురించే తగువు నడుస్తోంది. మా అబ్బాయి బ్యాంకులో పని చేస్తాడు. వాళ్ళ ఆఫీసుకు కొత్తగా వచ్చిన పెద్ద ఆఫీసరు ఆదివారం భార్యతో కలిసి భోజనానికి వస్తానన్నాడట. మా వంశంలో ఒక ఆఫీసరు మా ఇంట్లో కూర్చుని అన్నం తినడం అదే మొదలు కాబట్టి వాడికి కాళ్ళు నేలమీద నిలవడం లేదు. ఆ ఒక్క పూటకు కాగితం తీసేద్దామంటాడు వాడు. వీల్లేదంటుంది కోడలు.

"ఆయన మనింటికి వచ్చేదే గొప్ప. వాకిట్లో నిలబెట్టి బూట్లిప్పమంటే ఏమనుకుంటాడు?"

"ఆ బూట్లు యాడేడ తొక్కొచ్చినాయో ఎవురికి తెలుసు? పాప నేలంతా పాకతా ఉండాది. దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటాది."

"ఒక్కరోజుకు ఏమైతాది?"

"అట్లయితే ఆ ఒక్కరోజూ పాపను గోడకు తగిలిస్తాములే, క్యాలెండరు పక్కన."

తొమ్మిది నెలల మా మనవరాలు ఆ మాట తనను గురించేనని తెలిసినట్టు, నా చెవిలో వేలుపెట్టి కమ్మను లాగుతోంది. ఇద్దరూ ఒకేసారి నావైపు తిరిగారు. నువ్వు అన్నీ సదివినావు గదమ్మా, నువ్వే సెప్పు అన్నాడు మా వాడు. మీరెట్ల సెప్తే అట్లే అత్తా అంది కోడలు, నేను తన పక్షమే వస్తాననే ధీమాతో. ఆదివారానికి ఇంకా రెండు రోజులుంది గదా, ఆలోచించి చెప్తానని ఇద్దరినీ సముదాయించాను.

అన్నీ చదివినావని వాడన్న మాట పూర్తిగా నిజం కాదు గాని, పూర్తిగా అబద్ధమూ కాదు. నేను బడిలో చదివింది ఏడో తరగతి వరకే. తరువాత చదివిందంతా పుంగనూరు లైబ్రరీలోనూ, పని వెతుక్కుంటూ మదనపల్లెకు వచ్చాక అక్కడి లైబ్రరీలోనూ. చెప్పుల విషయంలో కూడా నేను కొంత చదివి నోటుబుక్కులో రాసుకున్నదాన్నే. చలి దేశాలలో బూట్లతోనే ఇంట్లో తిరిగే వాళ్ళున్నారనీ, జపాను దేశంలో మాత్రం వాకిట్లోనే విడిచిపెట్టాలనీ, అక్కడ ఇంటివాళ్ళు చుట్టాల చెప్పులను మెల్లగా బయటివైపుకు తిప్పి పెడతారనీ, పోయేటప్పుడు కాలు పెట్టడానికి వీలుగా ఉండాలని అలా చేస్తారనీ చదివినప్పుడు, వాళ్ళది ఎంత పొందికైన బుద్ధి అని ఆశ్చర్యపోయాను. మన పాత పుస్తకాలలో పాద్యం అనే మాట ఉంది. ఇంటికి వచ్చినవారికి తాగడానికి నీళ్ళివ్వడానికంటే ముందు, కాళ్ళకు నీళ్ళివ్వడమని దాని అర్థం. మొదటిసారి ఆ మాట చదివినప్పుడు అది దేవుళ్ళకూ రాజులకూ సంబంధించిన ముచ్చటని అనుకున్నాను. మా వాడలో అటువంటిది ఒకటి జరుగుతుందని అప్పుడు ఎవరైనా చెప్పి ఉంటే నమ్మేదాన్ని కాదు.

ఆ లైబ్రరీకి పోయిన మొదటి రోజు సంగతి కూడా చెప్పుకోవాలి. మా ఊరి నుంచి అమ్మతో కలిసి పుంగనూరు సంతకు పోయినప్పుడు, సామాన్లు కొనే లోపల అమ్మ కళ్ళు గప్పి అక్కడికి పోయాను. మెట్ల కింద చెప్పులు విడిచి, తలమీద కొంగు సర్దుకుని, గుడిలోకి పోతున్నట్టు పోయాను. లైబ్రరీ సారు కళ్ళజోడు పైనుంచి నా ఒట్టి కాళ్ళు చూసి నవ్వలేదు. ఈడ ఇడిస్తే కుక్కలెత్తుకపోతాయమ్మా, ఏసుకొనే రా, పుస్తకానికి చేతులు సుబ్బరంగా ఉంటే సాలు అన్నాడు. నా జీవితంలో చెప్పులు వేసుకుని లోపలికి రమ్మని ఒక ఉద్యోగస్తుడు నాతో అనడం అదే మొదటిసారి. ఆ చల్లటి గచ్చుమీద నా రబ్బరు చెప్పులు చప్పుడు చేస్తూంటే ఎవరైనా అరుస్తారేమోనని ఆ పూటంతా మునివేళ్ళమీద నడిచాను.

అంతగా ఎందుకు భయపడ్డానో మా తరంవాళ్ళకు విడమరిచి చెప్పనక్కరలేదు. మా ఊరు పుంగనూరు నుంచి మదనపల్లెకు పోయే దారిలో, రోడ్డు నుంచి ఒక మలుపు తిరిగి లోపలికి పోతే వస్తుంది. మా వాడ ఊరికి చివర. మేము రోడ్డెక్కాలంటే ఊళ్ళో పెద్ద భూస్వాములైన మిద్దింటివాళ్ళ వీధి దాటాలి. ఆ వీధి మొదట్లో సున్నం కొట్టిన గోడ ఒకటి మలుపు తిరుగుతుంది. ఆ గోడ దగ్గరికి వచ్చేసరికి మా నాయన వంగి, చెప్పులు విడిచి, చేతిలో పట్టుకుని, ఆ వీధి చివరిదాకా నడిచి, అక్కడ మళ్ళీ వేసుకునేవాడు. ఎండాకాలం మిట్టమధ్యాహ్నమయినా సరే, కాళ్ళు కాలుతుంటే అడుగులు కొంచెం వడివడిగా వేసేవాడు, అంతే. ఆయన వెనక అమ్మ, ఆమె వెనక నేను. ఎందుకని నేను అడిగిన గుర్తు లేదు. ఎద్దుకు కొమ్ములెందుకని ఎవరడుగుతారు?

అదే సమయంలో మా ఇళ్ళలోకి ఎవరొచ్చినా చెప్పులతోనే వచ్చేవారు. జనాభా లెక్కలు రాసుకునే ఆయనా, సూది వేసే నర్సమ్మా, ఓట్లడగడానికి వచ్చేవాళ్ళూ, మిద్దింటి పనులు చూసే మనిషీ నేరుగా వచ్చి నడి ఇంట్లో నిలబడేవారు. అమ్మ తెల్లారి లేచి పేడతో అలికి, ముగ్గుపిండితో అంచులు దిద్దిన నేల మీద వాళ్ళ బూట్ల గుర్తులు పడేవి. వాళ్ళు పోయాక అమ్మ మళ్ళీ అలికేది. వాళ్ళెవరూ మమ్మల్ని చిన్నబుచ్చాలని అలా చేశారని నేనిప్పుడు అనుకోవడం లేదు. అందులో మంచివాళ్ళూ ఉన్నారు. అదీ ఒక ఇల్లేనని వాళ్ళకు తోచలేదు, అంతే.

నాకు పదిహేడో ఏడు నడుస్తుండగా మా ఇంటికి పట్టుపురుగులు వచ్చాయి. అంతకు ముందే ప్రభుత్వం వాళ్ళు మా నాయనకు ఒక ఎకరా మెట్ట పట్టా ఇచ్చారు. పక్క చేనువాళ్ళ బావి నుంచి నీళ్ళు పారించుకోవడానికి మాట అనుకుని, అందులో మల్బరీ నాటాడు. అప్పటివరకు ఆయన మిద్దింట్లో సంవత్సరం జీతానికి ఉండే మనిషి. ఉగాదికి ఒప్పుకుంటే మళ్ళీ ఉగాది వరకు ఆయన పొద్దూ మాపూ వాళ్ళవే. ఈ పంట ఒక్కటి చేతికొస్తే వచ్చే ఉగాదికి జీతానికి ఒప్పుకోనని నాయన అమ్మతో గొంతు తగ్గించి చెప్పడం నేను విన్నాను. మిద్దింటివరకు ఆ మాట ఎక్కడ పోతుందోనని, గోడలకు కూడా వినబడనంత మెల్లగా చెప్పాడు.

మాకున్నది ఒకే గది. పురుగులకు వేరే కొట్టం కట్టే తాహతు లేదు. అందుకని గదిని పురుగులకిచ్చి మేము బయట అరుగు మీదికి వచ్చేశాము. పొయ్యి చూరు కిందికి, పడకలు అరుగు మీదికి, కుండలూ బట్టల మూటా మేకల పక్కకి మారాయి. లోపల వెదురు తట్టలు ఒకదానిమీద ఒకటి అంచెలుగా పేర్చి, వాటిలో పురుగులను పెట్టాము. పట్టు శాఖ నుంచి ఒక సారు సైకిలు మీద వచ్చి అన్నీ నేర్పించేవాడు. ఆయన మొదటి రోజే చెప్పిన మాట ఇది. ఈ గదిలోకి ఎవరూ చెప్పులతో రాకూడదు, వచ్చేముందు వాకిట్లో పెట్టిన బ్లీచింగు నీళ్ళతో కాళ్ళూ చేతులూ కడుక్కోవాలి, ఎవరైనా సరే. ఇంకొకరి పురుగులకొచ్చిన రోగం చెప్పులకంటుకుని మన ఇంటికొస్తుంది.

అని చెప్పి ఊరుకోలేదు. మా అరుగు మీద కూర్చుని, తన బూట్ల తాళ్ళు విప్పి, మేజోళ్ళు ఊడదీసి బూట్లలో దోపి, ప్యాంటు మడిచి, కాళ్ళు కడుక్కుని, తల వంచి మా గదిలోకి పోయాడు. మా గడప ముందు ఒక ఉద్యోగస్తుని బూట్లు ఖాళీగా ఉండడం అంతకు ముందు మేమెవరమూ చూడలేదు. అమ్మ వాటిని కొంతసేపు చూసి, కుక్కలెక్కడ ఎత్తుకుపోతాయోనని గబగబా ఒక బుట్ట తెచ్చి వాటిమీద బోర్లించింది. ఆ తరువాత సారు ఎప్పుడు వచ్చినా, ఆయన లోపలున్నంతసేపు బూట్లు కోడిపిల్లల్లా బుట్ట కింద ఉండేవి. వాడలో పిల్లలు బుట్ట కొంచెం ఎత్తి తొంగి చూసి పోయేవారు.

చదువుకున్నదాన్ని గదా అనే గర్వంతో నేను ఒక సుద్దముక్క తీసుకుని తలుపు మీద పెద్ద అక్షరాలతో, పుస్తకాల భాషలో, చెప్పులు విడిచి, కాళ్ళు కడుగుకొని లోనికి రావలెను అని రాశాను. మా వాడలో దాన్ని చదవగలిగినవాళ్ళు నాతో కలిపి ముగ్గురో నలుగురో. అయినా రాశాను. పట్టు సారు చూసి, శెబాష్ అన్నాడు.

పట్టుపురుగు పెరిగేటప్పుడు నాలుగుసార్లు తిండి మాని, తల పైకెత్తి కదలకుండా ఉండి, పాత చర్మం వదులుతుంది. మా వైపు దాన్ని జ్వరం అంటారు. నాలుగో జ్వరం తీరి లేచాక ఇక వాటి ఆకలికి అంతుండదు. ఏడెనిమిది రోజులు కోసిన ఆకు కోసినట్టే అయిపోతుంది. ఆ తరువాత గూడు కడతాయి. మా పురుగులు నాలుగో జ్వరం దాటి నాలుగు రోజులయింది. సరిగ్గా అప్పుడే మిద్దింటివాళ్ళ పురుగులకు పాలరోగం వచ్చిందని ఊరంతా గుప్పుమంది. పురుగు ఉబ్బి, పగిలి, పాలలాంటి నీరు కారి చచ్చిపోయే రోగమది. వాళ్ళది పెద్ద కొట్టం, మా గదికి పదింతలు. బుట్టలు బుట్టలుగా ఎత్తి గుంటలో పోసి సున్నం చల్లి పూడుస్తున్నారన్నారు. దిష్టి తగిలిందన్నారు కొందరు. పట్టు సారు మాత్రం, అక్కడ చెప్పులిప్పమని ఎంత చెప్పినా ఎవరూ వినలేదని నిట్టూర్చి పోయాడు.

మరునాడు పొద్దున, నేను ఆకు తరుగుతూ ఉండగా, కిర్రు చెప్పుల చప్పుడు వినిపించింది. మా వాడలో ఆ చప్పుడు ఎప్పుడూ వినబడదు. తలెత్తితే మిద్దింటి పెద్దాయన. ఒక్కడే వచ్చాడు. ఆకుమోపు దించుకుంటున్న నాయన దాన్ని అక్కడే వదిలేసి, తలగుడ్డ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"ఏమిరా, నీ పురుగులు బాగుండాయంట గదా. సూసి పోదామని వస్తాండా."

"మీ దయ సామీ" అన్నాడు నాయన. అనడమైతే అన్నాడు గాని, గడపకూ ఆయనకూ నడుమ నిలబడ్డాడు, పక్కకు జరగలేదు. జరగకుండా ఉండే ధైర్యమూ లేదు, జరిగే ధైర్యమూ లేదు. ఆయన ముఖంలో చెమట పట్టడం నేను చూశాను.

పెద్దాయన కళ్ళజోడు తెచ్చుకోలేదు. కళ్ళు చికిలించి తలుపువైపు చూశాడు.

"ఏందిరా ఆ రాతలు?"

"ఏం లేదు సామీ. బిడ్డ ఊరకే... ఈడ పట్టుపురుగులుండాయని రాసినాది."

నాయన ఒక నెల పొడుగునా పొద్దూ రాత్రీ ఆకు మోసి పెంచిన పురుగులు లోపల ఉన్నాయి. వచ్చే ఉగాది కూడా లోపలే ఉంది. ఆ పెద్దాయన కాలు గడపవైపు లేచింది. నేను ఆ క్షణంలో ఏమీ ధైర్యం చేయలేదు. అది ఎవరికైనా గొప్పగా చెప్పుకుంటే అబద్ధమవుతుంది. రాసి ఉన్నదాన్ని చదవడంలో ఒక సౌకర్యముంది, అది నా మాట కాదని తప్పించుకోవచ్చు. ఆ సౌకర్యాన్ని పట్టుకునే అన్నాను.

"అది గాదు సామీ. చెప్పులు విడిచి, కాళ్ళు కడుగుకొని లోనికి రావలెను అని రాసినాను."

"ఎవురు?"

"ఎవురైనా సామీ. పట్టు సారు గూడా అంతే."

"మే, నోరు మూసుకోమే" అన్నాడు నాయన. పొయ్యి దగ్గర అమ్మ చేతిలోని గరిటె అలాగే ఆగిపోయింది.

పెద్దాయన నన్ను చూడలేదు. తన చెప్పులను చూసుకున్నాడు. వాటి అంచుల నిండా తెల్లగా సున్నం అంటుకుని ఉంది. గుంట దగ్గరి నుంచి నేరుగా మా ఇంటికే వచ్చినట్టున్నాడు. ఆ సున్నాన్ని ఆయనా చూశాడు, నేనూ చూశాను, నాయనా చూశాడు. కాసేపటికి ఆయన అరుగు స్తంభాన్ని ఒక చేత్తో పట్టుకుని, ఒక చెప్పు, తరువాత ఇంకొక చెప్పు విడిచాడు.

ఆయన పాదాలు నేను ఎప్పుడూ చూసి ఉండలేదు. తోలు పట్టీ ఉండేచోట తెల్లగా, మిగతాచోట నల్లగా ఉన్నాయి. కుడి అరికాలిలో పెద్ద ఆనె. నేల తగలగానే ఆయన ముఖం ముడుచుకుంది. ఒట్టి కాళ్ళతో నడవడం ఆయన వల్ల కాదని అప్పుడు తెలిసింది. అమ్మకు ఎలా తట్టిందో, గరిటె వదిలేసి ఒక గోనెసంచి తెచ్చి, అరుగు దగ్గరి నుంచి గడప వరకు పరిచి, వెనక్కి తిరిగి చూడకుండా పొయ్యి దగ్గరికి పోయింది.

ఇక నీళ్ళు. బకెట్టు గడప పక్కనే ఉంది, అందులో మా చెంబు ఉంది. నాయన చెంబు ముంచి పట్టుకుని నిలబడ్డాడు గాని, పోయలేదు. మా ఇంటి నీళ్ళు మిద్దింటి మనుషులు ముట్టుకున్నది మా తాతల కాలంలో కూడా లేదు. చేతిలో చెంబుతో నాయన, ఎదురుగా ఒట్టి కాళ్ళతో ఆయన, ఇద్దరికీ ఏం చేయాలో తెలియలేదు. చివరికి పెద్దాయనే కాలు ముందుకు చాపాడు.

"పొయ్యిరా."

నాయన పోశాడు. ఆయన ముక్కు చిట్లించాడు.

"ఏం వాసనరా ఇది?"

"మందు నీళ్ళు సామీ. అంటు పోతాదంట."

ఆ మాట నోట్లోంచి వచ్చాక గాని అదేమిటో నాయనకు తెలియలేదు. చెంబు అలాగే బిగపట్టుకుని నిలబడిపోయాడు. అంటు అనే మాట మా ఊళ్ళో అంతవరకు ఒక్క వైపుకే నడిచేది. మా వైపు నుంచి వాళ్ళ వైపుకు.

"అంటా?" అన్నాడు పెద్దాయన. "మా కాళ్ళకా?"

కోపం వచ్చిందనుకున్నాను. ఆయన గొంతులోంచి చిన్నగా, దగ్గులాంటి ఒక నవ్వు వచ్చింది. తరువాత ఎడమ కాలు చాపాడు.

"సరేలే. దీనికీ పొయ్యి. బాగా పొయ్యి."

లోపల ఆయన ఎంతోసేపు లేడు. చూరు తగలకుండా వంగి, చేతులు వెనక కట్టుకుని, దేన్నీ ముట్టుకోకుండా తట్టలన్నీ చూశాడు. పురుగులు ఆకు తింటున్న చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. మొన్నటిదాకా మావీ ఇట్లే ఉండె, అని మాత్రం అన్నాడు. ఆ మాటలో మాపై అసూయ ఏమీ లేదు. బిడ్డను పోగొట్టుకున్నవాడు ఇంకొకరి బిడ్డను చూసి అన్నట్టుంది. ఆయన బయటికి వచ్చేసరికి నాయన ఆ కిర్రు చెప్పులను తీసి, పోయే వైపుకు తిప్పి, ఆయన కాళ్ళ ముందు పెట్టాడు. ఎన్నో ఏళ్ళ తరువాత జపానువాళ్ళ పద్ధతి గురించి చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది ఇదే. మా నాయన దాన్ని ఏ పుస్తకంలోనూ చదవలేదు. భయంతో చేశాడో మర్యాదకు చేశాడో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ సాయంత్రం నాయన ఆకు వేస్తూ, నా వైపు చూడకుండా అన్నాడు.

"నువ్వు సెప్పింది తప్పు గాదు. నేను సెప్పిన అబద్ధమే తప్పు. అయినా ఇంగెప్పుడూ అట్ల సెప్పొద్దు, నాకు గుండె ఆగిపోయినాది."

పురుగులు నిలిచాయి. చంద్రికలంటారే, వెదురు చాపల మీద చుట్లు చుట్లుగా బద్దలు కట్టిన అల్లికలు, వాటి మీదికి ఎక్కించాక మూడు రోజుల్లో పసుపు రంగు గూళ్ళు కట్టాయి. వాటిని మూటలు కట్టి మదనపల్లె మార్కెట్టుకు బస్సు మీద వేసుకుపోయాము. ఆ ఉగాదికి నాయన మిద్దింటికి పోయి, జీతానికి ఉండలేనని చెప్పి వచ్చాడు. పెద్దాయన సరే పో అన్నాడట. నేను తరువాత మదనపల్లెలో పట్టుదారం తీసే పనిలో చేరి, వేడినీళ్ళలో చేతులు నానబెట్టుకుంటూనే అబ్బాయిని చదివించాను. అది వేరే కథ.

కాని ఒకటి చెప్పాలి. ఆ రోజు తరువాత అంతా మారిపోయి ఉంటుందని మీరనుకుంటే, నేనూ అలాగే అనుకున్నాను. పెద్దాయన మా వాడలో చెప్పులు విడిచాడు గదా, ఇక మేము ఆయన వీధిలో వేసుకుని నడవవచ్చు గదా అని నాకు ఒక లెక్క. నేను నడిచాను కూడా, మొదట భయంగా, తరువాత మామూలుగా. ఎవరూ ఏమీ అనలేదు. నాయన మాత్రం ఆ గోడ మలుపు దగ్గరికి రాగానే వంగేవాడు. పెద్దాయన పోయాడు, పిల్లలు బెంగళూరు చేరారు, మిద్దెకు తాళం పడింది, సున్నం గోడ పెచ్చులూడిపోయింది. అప్పుడు కూడా ఎనభై ఏళ్ళకు దగ్గరపడిన మా నాయన, నేను కొనిచ్చిన మెత్తటి చెప్పులను చేతిలో పట్టుకుని ఆ ఖాళీ వీధిలో నడిచేవాడు. ఎందుకు విడుస్తావని నేను కోప్పడ్డాను.

"యాల నాయనా, ఆడ ఎవురుండారని?"

"నేను ఇప్పలేదు లేమ్మా. ఆడికొస్తే కాళ్ళే ఇప్పేస్తాయి. వాటికి తెలీదు గదా, ఎవురూ లేరని."

ఇక ఆదివారం సంగతి. పొద్దున్నే లేచి ఆ కాగితాన్ని నేనే ఊడదీశాను. కోడలి ముఖం మాడిపోయింది, మా వాడి ముఖం వెలిగింది. తరువాత తలుపు పక్కన ఒక స్టూలు వేసి, బకెట్టుతో నీళ్ళు పెట్టి, అందులో చెంబు వేసి, కొత్త తువ్వాలు ఒకటి మడిచి స్టూలు మీద పెట్టేసరికి ఇద్దరి ముఖాలూ తారుమారయ్యాయి. ఏందత్తా ఇది అంది కోడలు. పాద్యం అన్నాను, కొంచెం గర్వంగానే. కాగితమైతే ఇది చెయ్యి అని చెప్తుంది, నీళ్ళయితే నీకోసం చూస్తున్నామని చెప్తాయి, ఇల్లూ శుభ్రంగా ఉంటుంది, వచ్చినవాళ్ళూ చిన్నబోరు అని వివరించాను. మా వాడు తల పట్టుకున్నాడు.

"అమ్మా, ఆయన ఆఫీసరమ్మా, పెండ్లికొడుకు గాదు."

ఆఫీసరు నలభై దాటిన మనిషి, మెత్తని స్వభావం. స్టూలునూ నీళ్ళనూ చూసి తలుపు దగ్గర ఆగిపోయాడు. కాళ్ళకు నీళ్ళు పెట్టినాను నాయనా అన్నాను. ఆయన కొంచెం తటపటాయించి, కూర్చుని తాళ్ళు విప్పుతుంటే మా వాడు గోడవైపు తిరిగి నిలబడ్డాడు. బూటు ఊడింది. మేజోడు బొటనవేలి దగ్గర రూపాయంత చిరుగు, అందులోంచి వేలు బయటికి చూస్తోంది. ఆయన భార్య పక్కున నవ్వింది.

"చెప్పానా లేదా? బూట్లలో ఎవరికి కనబడుతుందిలే అని రోజూ అవే వేసుకుంటారు. ఇవాళ దొరికారు!"

ఆయనా నవ్వాడు, చెవులు ఎర్రబడ్డాయి. మా నాయనమ్మ ఇలాగే చెంబుతో నీళ్ళు పెట్టేదండీ, చూసి ఎన్నేళ్ళయిందో అన్నాడు. పెద్దాయన ఆనె గుర్తొచ్చింది నాకు. చెప్పులిప్పడానికి వెనకాడే మనిషికి ఎప్పుడూ గర్వమే కారణం కానక్కరలేదని తెలుసుకోవడానికి నాకు ఇంతకాలం పట్టింది.

అయితే ఒక పొరపాటు చేశాను. మా పాత ఇళ్ళ ముందర కాళ్ళు కడుక్కోవడానికి ఒక బండ ఉండేది, నీళ్ళు పోవడానికి పక్కన చిన్న కాలువ ఉండేది. ఈ ఇళ్ళు కట్టినవాళ్ళకు వచ్చినవారి కాళ్ళ మీద నీళ్ళు పోస్తారని తోచలేదు. ఆఫీసరు మేజోళ్ళు కూడా తీశాక ఆయన కాళ్ళ మీద నేను పోసిన రెండు చెంబుల నీళ్ళూ మెట్ల మీదుగా వయ్యారంగా దిగి కింది ఇంటి గడపలోకి పోయాయి. ఎవురమ్మా పైనుంచి నీళ్ళు పోసేది, మా బూట్లన్నీ తడిసిపోయె, అని కింది ఇంటామె కేకలు. తువ్వాలు పట్టుకుని మా కోడలు పరుగు. ఆ గోలలో భోజనాలు ఎంత సంతోషంగా జరిగాయో చెప్పలేను. పాప ఆఫీసరుగారి బొటనవేలిని పట్టుకుని చాలాసేపు వదలలేదు.

మొన్న ఫోను చేస్తే కోడలు చెప్పింది, కాగితం మళ్ళీ అంటించారట, ఈసారి అచ్చు వేయించి. చెంబులో మనీప్లాంటు పెట్టిందట, బాగా పాకుతోందట. మంచిదే అన్నాను. నీళ్ళు పోవడానికి దారిలేని గడప ముందు చెంబు ఏం చేస్తుంది పాపం. ఇప్పుడు ప్రతి ఇంటి ముందూ చెప్పుల స్టాండు ఉంది, ఎవరింట్లోకైనా ఎవరైనా చెప్పులు విడిచే పోతున్నారు. ఎవరూ మా ఇంటిని ఇల్లు కాదనుకోవడం లేదు. ఇది మేము కోరుకున్నదే. కాని విడవమని చెప్పే గొంతు పోయి రాత మిగిలింది, వంగి పోసే చెయ్యి పోయింది. ఒకరి పాదాలు ఒకరు చూసుకునే ఆ రెండు నిమిషాలు కూడా వాటితోనే పోయాయి.

కుప్పం నుంచి తిరిగి వచ్చేటప్పుడు పుంగనూరు దాటాక కిటికీ పక్క సీటు దొరికింది. చల్లగాలికి కునుకు పట్టింది. కళ్ళు తెరిచేసరికి బస్సు మా ఊరి మలుపు దాటుతోంది. ఆ ఊళ్ళో ఇప్పుడు మాకెవరూ లేరు. దాటిపోయాక లేచి సర్దుకుని కూర్చుందామని కాళ్ళు కదిపితే, ఒట్టి రేకు చల్లగా తగిలింది. చెప్పులు కాళ్ళకు లేవు. వంగి సీటు కింద తడుముతుంటే పక్కనున్న చదువుకునే పిల్ల అడిగింది.

"ఏమవ్వా, ఏమెతుకుతాండావు? ఏమన్నా పడిపోయినాదా?"

"చెప్పులమ్మా."

"ఎప్పుడిడిసినావు?"

తెలీదమ్మా అన్నాను.